కలిపే నీళ్ళు, తడిపే నీళ్ళు

(తిరుపతిలో ఒక పాలిటెక్నిక్ కళాశాల సివిల్ విద్యార్థుల ముందు ఒక భవన నిర్మాణ మేస్త్రీ చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది అధ్యాపకులకు, ఎదురుగా కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. మాట్లాడటం మొదలుపెట్టే ముందు ఈ బల్ల మీదున్న రెండు గాజు సీసాల సంగతి చెప్పాలి. ఒకదానిలో స్వర్ణముఖి ఇసుక, రెండో దానిలో క్రషర్ నుంచి తెచ్చిన ఎం-శాండ్, అంటే రాతిని పొడిచేసి తయారుచేసిన ఇసుక, సగం దాకా పోసి, పైన నీళ్ళు నింపి, చిటికెడు ఉప్పు వేసి, మూత బిగించి బాగా కుదిపి, ఉదయం తొమ్మిదిన్నరకు ఇక్కడ పెట్టాను. మూడు గంటల పాటు వీటిని ఎవరూ కదపకూడదు. మధ్యలో టీ తెచ్చేవాళ్ళ చెయ్యి ఈ బల్లకు తగలకుండా చూడమని ముందు వరుసలోని అబ్బాయిలను కోరుతున్నాను. పన్నెండున్నరకు వీటితో పని ఉంది.

నేను చంద్రగిరి దగ్గరి పల్లెలో పుట్టినవాణ్ణి. మా ఇంట్లో తాతల కాలం నుంచీ బేల్దారి పనే. పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో మా పెదనాయన వెంట తట్ట మోయడానికి వెళ్ళాను. ఇప్పటికి ముప్పై ఒక్క ఏళ్ళయింది. మీరు తరగతి గదిలో చదివే విషయాలు నేను పని జరిగే చోట ఇంజనీర్లను అడిగి తెలుసుకున్నాను. వారిలో ఒకరు కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణాలు చెప్పే ఐ.ఎస్. 456 పుస్తకం జిరాక్సు కట్టను నా చేతిలో పెట్టి, నేను చదవవలసిన పేజీలకు మూలలు మడిచి ఇచ్చారు. ఆ కట్ట ఇప్పటికీ నా స్కూటర్ డిక్కీలో ఉంటుంది.

ఈ రోజు దేని గురించి మాట్లాడాలని మీ అధ్యాపకులు అడిగినప్పుడు, నీళ్ళ గురించి మాట్లాడతానని చెప్పాను. ఆయన కొంచెం ఆశ్చర్యపడ్డారు. ఇల్లు కట్టే పెద్దమనిషి మన దగ్గరికి వచ్చి ఎస్టిమేటు అడిగితే సిమెంటు ఎన్ని బస్తాలు, కమ్మీ ఎన్ని టన్నులు, ఇటుక ఎన్ని వేలు, ఇసుక ఎన్ని యూనిట్లు అని వరసగా రాసిస్తాం. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి బోరు ఉందా లేదా అని అడిగి, లేకపోతే ట్యాంకర్ల కింద ఇంత అని ఒక అంకె వేసి ఊరుకుంటాం. అయితే నేను కట్టిన ఇళ్ళకన్నా బాగుచేసిన ఇళ్ళే నాకు ఎక్కువ నేర్పాయి. ఆ ఇళ్ళను తలచుకుంటే సిమెంటు చాలక చెడినవి, కమ్మీ చాలక చెడినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నీళ్ళు ఉండవలసిన చోట లేకపోవడం వల్లనో, ఉండకూడని చోట ఉండటం వల్లనో చెడినవే తక్కినవన్నీ.

మొదట కలిపే నీళ్ళ గురించి చెప్తాను. సిమెంటు ఎండి గట్టిపడుతుందని మా దగ్గరికి కొత్తగా వచ్చిన ప్రతి పిల్లవాడూ అనుకుంటాడు. నేనూ అలాగే అనుకున్నాను. అది మట్టిలాగా ఎండి గట్టిపడే పదార్థం కాదు, నీటితో కలిసి వేరే పదార్థంగా మారి గట్టిపడేది. అలా మారడానికి సిమెంటు బరువులో సుమారు 23 శాతం నీరు ఖర్చవుతుంది. ఏర్పడిన జిగురు పదార్థం లోపలి సన్న రంధ్రాలలో ఇంకో 15 శాతం నిలుస్తుంది. రెండూ కలిపితే 38 శాతం, అంటే 50 కిలోల బస్తాకు 19 లీటర్లు. కాంక్రీటు కమ్మీల మధ్యకు జారడానికి, తాపీకి లొంగడానికి ఇంకాస్త కావాలి గనుక 25 లీటర్ల దాకా పోస్తాం. ఎం-20 అనే తరగతి కాంక్రీటులో నీటికీ సిమెంటుకూ ఉన్న నిష్పత్తికి ఐ.ఎస్. 456 ఇచ్చిన పైహద్దు 0.55, అంటే బస్తాకు ఇరవై ఏడున్నర లీటర్లు. ఇక పని జరిగే చోటికి రండి. కాంక్రీటు కలిపే మిల్లరు దగ్గర ఖాళీ పెయింటు బకెట్టు ఉంటుంది. దాని కొలత 20 లీటర్లు. బస్తాకు రెండు బకెట్లు నిండుగా కుమ్మరించడం నేను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. అది 40 లీటర్లు. ఖర్చు కాని నీరు ఎప్పుడో ఒకప్పుడు ఆవిరై బయటికి పోవలసిందే. పోయిన దారి మాత్రం కాంక్రీటు లోపల సన్నటి గొట్టంగా మిగిలిపోతుంది. రేపు వాన నీరు అదే దారిన లోపలికి వస్తుంది. నీటికీ సిమెంటుకూ ఉన్న నిష్పత్తి పెరిగేకొద్దీ బలం తగ్గుతుందని 1918లో షికాగోలో డఫ్ అబ్రామ్స్ పరీక్షలు చేసి నిరూపించారు. మా పెదనాయనకు ఆ పేరు తెలియదు. కాని నేను మొదటి వారంలో కలిపిన మాలు చూసి, "ఏమిరా అబ్బయా, చారు కాసినావా? అన్నంలో పోసుకుందామా?" అని అడిగి, ఆ తట్ట మొత్తం పక్కన పోయించాడు.

ఇసుక తనలో దాచుకున్న నీటిని కూడా లెక్కలో వేసుకోవాలి. వాన పడిన మర్నాడు కుప్పలో నుంచి తీసిన ఇసుకలో 5 శాతం తేమ ఉన్నదనుకుందాం. ఒక బస్తా సిమెంటుకు ఒకటిన్నర పాళ్ళ ఇసుక వేస్తే అది 80 కిలోల పైమాట. అంటే మీరు బకెట్టు ముట్టుకోకముందే నాలుగు లీటర్ల నీరు మిల్లరులో పడింది. అదీగాక తడి ఇసుక ఉబ్బుతుంది. రేణువుల చుట్టూ నీటి పొర చేరి ఒకదాన్నొకటి దూరం నెట్టుకోవడం వల్ల కొద్దిపాటి తేమకే ఘనపరిమాణం 20 నుంచి 30 శాతం దాకా పెరుగుతుంది. పెట్టెతో కొలిచి వేస్తే పెట్టె నిండుతుంది గాని ఇసుక తక్కువ పడుతుంది. మీరు దీన్ని నమ్మనక్కరలేదు, మధ్యాహ్నం ప్రయోగశాలలో చేసి చూడండి. తడి ఇసుకను గ్లాసు నిండా పోసి, పైన నీళ్ళు నిండుగా పోసి పుల్లతో కలిపితే ఇసుక మట్టం మీ కళ్ళెదుటే కిందికి దిగుతుంది. ఎంత దిగిందో అంత ఉబ్బు అన్నమాట. యూనిట్ల లెక్కన ఇసుక కొనే ఇంటాయన ఈ పరీక్ష ఒక్కసారి చూస్తే, వానాకాలంలో టిప్పర్ దగ్గర బేరం వేరే విధంగా చేస్తాడు.

ఈ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. ఇరవై ఏళ్ళ కిందట ఒక మే నెలలో, ఉద్యోగ విరమణ చేసిన ఒక పంతులుగారి ఇంటికి మిద్దె వేస్తున్నాం. పని తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టి ఎండ ముదరక ముందే ముగించాలని అనుకున్నాం. ఇసుక టిప్పర్ ఆలస్యంగా వచ్చింది. పది గంటలకు మొదలయింది. నేను ఆ రోజు పని ఆపి మర్నాటికి మార్చి ఉండవలసింది. కాని మిల్లరు బాడుగకు తెచ్చాం, ముప్పై మంది కూలీలు వచ్చి నిలబడ్డారు, ఆపడానికి మనసొప్పలేదు. ఒంటి గంట అయ్యేసరికి మాలు మిల్లరు నుంచి మిద్దె మీదికి చేరేలోపే బొచ్చెల్లో బిగుసుకుంటున్నది. పైన ఉన్న మేస్త్రీ, "అన్నా, తాపీకి లాగడం లేదు, ఇంకో చెంబు పొయ్యమనండి" అన్నాడు. నేను సరేనన్నాను. ఒక చెంబు రెండయింది, రెండు బకెట్టయింది. సాయంత్రానికి మిద్దె అద్దంలాగా మెరిసింది, నేను మురిసిపోయాను. ఎక్కువైన నీరు సిమెంటు పాలను పైకి తోసుకుని రావడం వల్ల వచ్చిన మెరుపు అదని నాకప్పుడు తెలియదు. కార్తీక మాసం వానలకు పంతులుగారు కబురు చేశారు. వెళ్తే ఏమీ మాట్లాడకుండా పడకగదిలోకి తీసుకువెళ్ళి మంచం పక్కన పెట్టిన ఇత్తడి గిన్నె చూపించారు. మిద్దె వేసిన రోజు గొడుగు పట్టుకుని చివరిదాకా పక్కన నిలబడి చూసిన మనిషి ఆయన. "మేస్త్రీ, ఆ రోజు మీవాళ్ళు ఎక్కువ పోసిన నీళ్ళు ఇవేనా?" అని అడిగారు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. పైపొర కొట్టించి, వాటం తీసి మళ్ళీ వేయించిన ఖర్చు నాదే. ఆ తర్వాత నా పనిలో మిల్లరు దగ్గర నిలబడే మనిషిని నేనే ఎంచుకుంటున్నాను. అతని పని ఒక్కటే, బకెట్టు మీద నేను గీసిన గీత దాటి నీళ్ళు పోయకుండా చూడటం. మాలు జారాలంటే ఈ రోజుల్లో అడ్మిక్చర్లు ఉన్నాయి. సిమెంటు బరువును బట్టి కొలిచి కొద్దిగా వేస్తే నీరు పెంచకుండానే కాంక్రీటు జారుతుంది. నిలబడిపోయిన మాలును నీళ్ళు పోసి లేపడం మాత్రం చేయకండి. దాన్ని పారబోయడమే చవక.

ఇక రెండో రకం నీళ్ళు. కలిపేటప్పుడు చెంబు దగ్గర పిసినారిగా ఉండాలి. మర్నాటి నుంచి బిందెలు బిందెలుగా పోయాలి. పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకు ఈ తేడా తలకెక్కడానికి చాలా కాలం పడుతుంది. నీరు ఎక్కువైతే చెడుతుందని నిన్న చెప్పినాయనే ఇవాళ నీళ్ళు తక్కువయ్యాయని ఎందుకు తిడుతున్నాడో వాళ్ళకు అర్థం కాదు. లోపలి సిమెంటు నీటితో కలిసి మారే పని ఒక్క రోజులో అయ్యేది కాదు. అది వారాల తరబడి నడుస్తుంది. పైనుంచి తడి ఆరిపోతే ఆ పని సగంలో ఆగిపోతుంది. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిపిన పి.పి.సి. రకం సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఆరకూడదని ఐ.ఎస్. 456 చెప్తుంది, ఎండ బాగా ఉన్న చోట ఆ రెండింటికీ వరసగా 10, 14 రోజులు చేయమని కూడా అందులోనే ఉంది. ఇప్పుడు మన ఊళ్ళో ఇళ్ళకు వచ్చే బస్తాల్లో చాలావాటి మీద పి.పి.సి. అనే ఉంటుంది. వారం రోజుల లెక్క మాత్రం పాత సిమెంటు కాలం నుంచి జనం నోట్లో అలాగే ఉండిపోయింది. తిరుపతిలో మే నెల ఎండ నలభై డిగ్రీలు దాటిన రోజున మిద్దె మీద చెప్పు లేకుండా కాలు పెట్టినవాడికి పద్నాలుగు రోజులు ఎందుకో ఎవరూ చెప్పనక్కరలేదు.

మిద్దెకు నీళ్ళు నిలపడం సులభం. మడికి గట్లు వేసినట్టు, మాలుతోనో బంకమట్టితోనో చిన్న కట్టలు వేసి, గళ్ళు గళ్ళుగా చేసి నింపితే సరిపోతుంది. అన్యాయమైపోయేవి స్తంభాలు. నిలువుగా ఉన్నదాని మీద నీరు నిలవదు. పైపు పట్టుకుని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చల్లి వెళ్ళిపోతే అరగంటలో ఆరిపోతుంది. గోనె పట్టాలు చుట్టి, పురికొసతో కట్టి, ఆ పట్టాలు ఆరకుండా చూసుకోవాలి. ఇంటి బరువంతా దిగేది స్తంభాల మీదికే. తక్కువ నీళ్ళు తాగేదీ అవే.

ఈ నీళ్ళు పట్టే పని ఎవరు చేస్తారో మీరు గమనించారో లేదో. ఇంజనీరు చేయడు, మేస్త్రీ చేయడు. కట్టే ఇంటి పక్కన రేకుల షెడ్డులో ఉండే వాచ్‌మన్ భార్య చేస్తుంది. చాలా చోట్ల ఆ పనికి ఆమెకు వేరే కూలి కూడా ఉండదు, భర్త జీతంలో కలిపేస్తారు. కరకంబాడి రోడ్డు వైపు నేను చేసిన ఒక అపార్ట్‌మెంటు పనిలో అలాంటి ఒక అక్క ఉండేది. ఆమెకు చదువు రాదు. ఒక స్తంభానికి షట్టరింగ్, అంటే కాంక్రీటు పోయడానికి బిగించిన అచ్చు, విప్పిన రోజు నుంచి, నీళ్ళు పట్టిన ప్రతి రోజుకూ ఆ స్తంభం ఎదురుగా ఉన్న గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేది. ఐదో గీతను అడ్డంగా కొట్టేది. ఒక సాయంత్రం తనిఖీకి వచ్చిన ఇంజనీరు గారు రిజిస్టరు అడిగితే, మా సూపర్‌వైజర్ రాసుకున్న పుస్తకంలో అన్నింటికీ 10 రోజులు పూర్తయినట్టు టిక్కులున్నాయి. ఆ అక్క గోడ దగ్గరికి తీసుకుపోయి చూపిస్తే మూలనున్న రెండు స్తంభాలకు ఆరేసి గీతలే ఉన్నాయి. "ఆ రెండింటికీ పైపు అందలేదు సామీ, బిందెతో పోసినా, నాలుగు దినాలు నాకు జరమొచ్చె" అన్నది. ఇంజనీరు గారు రిజిస్టరు మూసి ఆ గోడను ఫోటో తీసుకున్నారు. మీరు రేపు సైట్ ఇంజనీర్లుగా వెళ్తే ఆ పనికి వేరే కూలి రాయించండి, పైపు ఇంకో ఇరవై అడుగులు కొనిపించండి. రెండూ కలిపి ఒక్క కమ్మీ కట్ట ఖరీదు కూడా ఉండదు.

షట్టరింగ్ విప్పడం గురించి ఒక మాట. నాలుగున్నర మీటర్ల లోపు వెడల్పున్న మిద్దెకు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు జాకీలు ఉండాలి. ఆరు మీటర్ల లోపు దూలానికి 14, అంతకు మించితే 21. ఇవి మామూలు సిమెంటుకు, సక్రమంగా నీళ్ళు పట్టినప్పటి లెక్కలు. సెంట్రింగ్ సామాను బాడుగ రోజు లెక్కన పెరుగుతుంది గనుక విప్పమని తొందరపెట్టేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

ఇటుకల సంగతి ఇంకొంచెం తేలిక. ఎండిన ఇటుక దాహం మీద ఉంటుంది. పేర్చగానే మాలులోని నీటిని పీల్చేస్తుంది. అప్పుడు ఆ మాలు గట్టిపడదు, పిండిలాగా మిగులుతుంది. తొట్టిలో వేసిన ఇటుక నుంచి బుడగలు రావడం ఆగేదాకా ఉంచి, తీసి, పైతడి ఆరాక పేర్చాలి. సిమెంటు దిమ్మెలను మాత్రం అలా నానబెట్టకూడదు. అవి నీటికి ఉబ్బి, గోడలో ఆరేటప్పుడు కుంచించుకుపోయి పగులు తెస్తాయి. ఇటుకకు అలవాటుపడ్డ మేస్త్రీ దిమ్మెలను కూడా తొట్టిలో వేయబోతాడు. వద్దని చెప్పినా వినిపించుకోడు.

సున్నం గురించి చెప్పకుండా మా చంద్రగిరి వాడు పని గురించి మాట్లాడినట్టు కాదు. అక్కడి రాజమహల్ మీలో చాలామంది చూసే ఉంటారు. మూడంతస్తుల కట్టడం, రాయి, ఇటుక, సున్నం తప్ప కలప వాడలేదు. విజయనగర రాజుల కాలం నాటిది ఇప్పటికీ నిలబడి ఉంది. మా పెదనాయన చిన్నతనంలో గానుగ సున్నంతో పనిచేశాడు. మద్రాసు టెర్రస్ మిద్దెలకు టేకు దూలాల మీద సన్న ఇటుకలను నిలువుగా, ఏటవాలుగా పేర్చి, పైన ఇటుక ముక్కలు కలిపిన సున్నపు కాంక్రీటు పరిచి, ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్క పలకలతో రోజుల తరబడి కొట్టేవారట. కొడుతూ కరక్కాయ, బెల్లం నానిన నీళ్ళు చల్లేవారట. పలక కొడితే ఎగిరిపడేంత గట్టిపడేదాకా ఆ దెబ్బలు ఆగేవి కావని చెప్పేవాడు. ఇవన్నీ విన్నవాణ్ణి అయ్యుండి కూడా నేను సున్నం దగ్గర పెద్ద పొరపాటు చేశాను. గోవిందరాజస్వామి గుడి వైపు పాత వీధుల్లో ఒక ఇంటి గోడలకు కింద మూడడుగుల మేర గచ్చు రాలిపోతుంటే, ఆ భాగమంతా కొట్టేసి, గట్టిగా ఉంటుందని సిమెంటు పూత వేశాను. ఇంటివాళ్ళు సంతోషించారు. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ పూత అప్పడంలాగా ఉబ్బి, పలకలు పలకలుగా ఊడివచ్చింది. దాని పైన గచ్చు బాగున్న చోట కూడా తడి నాలుగు అడుగుల ఎత్తుకు ఎక్కింది. నేల నుంచి పైకి పాకే తడిని సున్నపు గోడ లోపలికి పీల్చుకుని గాలికి వదిలేస్తుంది. నేను సిమెంటుతో ఆ దారి మూసేశాను. తడి పక్కకు పోలేక పైకి పోయింది, దానితోపాటు పోయిన ఉప్పు పూత వెనక చేరి తోసేసింది. మళ్ళీ సున్నం తెచ్చి, ఆ పని తెలిసిన ముసలాయనను శ్రీకాళహస్తి వైపు నుంచి పిలిపించి చేయించవలసి వచ్చింది.

శ్రీకాళహస్తి అనగానే మీకు రాజగోపురం గుర్తుకు వస్తుంది. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన ఆ గోపురం 2010 మే 26న కూలింది. దాని చోట కట్టిన కొత్త గోపురానికి 2017లో కుంభాభిషేకం జరిగింది. పగుళ్ళు విచ్చుకోవడం గమనించి జనాన్ని ముందే దూరం జరిపారు. అందువల్ల మనుషులు మిగిలారు. ఆ వారమంతా మా పనివాళ్ళు తాము కట్టిన ప్రతి ఇంటి గోడనూ తడిమి చూసుకున్నారు. పగులు కనబడగానే సిమెంటు పాలు పూసి రంగు వేయించడం మనవాళ్ళ అలవాటు. ముందు చేయవలసింది దాని రెండు వైపులా అతుక్కునేలా చిన్న గాజు ముక్కనో, సన్నటి జిప్సం పట్టీనో అడ్డంగా అంటించి, పక్కన తేదీ రాయడం. పట్టీ పగలకపోతే అది పాత పగులు, నిద్రపోతున్నది. పట్టీ పగిలిందంటే కింద ఏదో కదులుతున్నది, అప్పుడు రంగువాణ్ణి కాదు, ఇంజనీరును పిలవాలి. నిద్రపోతున్న పగులునైనా వదిలేయకూడదు. వాన నీరు దానిలో నుంచి కమ్మీ దాకా చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము తన అసలు పరిమాణం కన్నా ఎన్నో రెట్లు ఉబ్బి, పైనున్న కాంక్రీటును పెచ్చులుగా తోసేస్తుంది. పాత ఇళ్ళ సన్‌షేడ్‌లు ముందుగా రాలేది ఇందుకే. అక్కడ కమ్మీ పైభాగంలో ఉండాలి. కాంక్రీటు పోసేవాళ్ళు దాని మీద నడిచి కిందికి తొక్కేస్తారు. కమ్మీ అడుగుకు దిగిపోకుండా కింద పెట్టే కవర్ బ్లాకులు ముష్టి రూపాయల్లో వచ్చే సామాను, వాటి దగ్గర పొదుపు చేసిన ఇళ్ళకు నేను చాలాసార్లు నిచ్చెన వేసుకుని వెళ్ళాను.

భూమిలోని నీటి గురించి చెప్పడానికి 2021 నవంబరు చాలు. మీరు అప్పుడు బడిలో ఉండి ఉంటారు. తిరుపతి వీధుల్లో నీళ్ళు నడుము దాకా వచ్చాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది పల్లెలను ఖాళీ చేయించారు. వానలు తగ్గిన కొద్ది రోజులకు కృష్ణానగర్‌లో ఒక ఇంట్లో భూమి లోపల సిమెంటు వరలతో కట్టిన నీళ్ళ సంపు, శుభ్రం చేస్తుండగా నేల చీల్చుకుని మిద్దె ఎత్తున పైకి లేచి నిలబడింది. ఊరంతా వెళ్ళి చూసింది. నేనూ వెళ్ళాను. అక్కడ దణ్ణాలు పెట్టేవాళ్ళు, సెల్‌ఫోనుల్లో తీసేవాళ్ళు, ఏదో కీడు అనేవాళ్ళు అందరూ ఉన్నారు. మీరు సివిల్ విద్యార్థులు గనుక లెక్క వేయండి. మీ ఇంటి సంపు బయటి కొలతల్లో పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు అనుకుందాం. అది 360 ఘనపు అడుగులు. ఒక ఘనపు అడుగు నీరు 28.3 కిలోలు. చుట్టూ నేల నీటితో నిండి ఉంటే ఆ నీరు సంపును పైకి నెట్టే బలం పది టన్నుల పైమాట. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడతో కట్టిన సంపు బరువు అడుగు, మూత, పూత అన్నీ కలిపినా ఏడెనిమిది టన్నులకు మించదు. లోపల నీళ్ళున్నంత కాలం ఆ నీళ్ళ బరువే దాన్ని అదిమి పట్టి ఉంచుతుంది. వరద బురద చేరిందని, వాన వెలిసిన మర్నాడే ఇంటివాళ్ళు దాన్ని తోడి పోస్తారు. చుట్టూ ఉన్న మట్టి పట్టు కొంత ఆపుతుంది గాని, నానిన మట్టికి ఎంత పట్టు ఉంటుంది? అప్పటి నుంచి నేను సంపు అడుగును గోడల కన్నా అడుగు వెడల్పుగా బయటికి తీసి, ఆ అంచు మీద మట్టి కూర్చునేలా కట్టిస్తున్నాను. పెద్ద వానలు పడిన వారం పది రోజులు సంపు ఖాళీ చేయవద్దని ఇంటి తాళాలతో పాటు చెప్పి వస్తున్నాను.

మన ఊరికి కొండ ఉత్తరాన, స్వర్ణముఖి దక్షిణాన. కొండ మీద పడిన వాన నదిని వెతుక్కుంటూ ఊళ్ళో నుంచే పోవాలి. స్థలం కొనేటప్పుడు తూర్పు ఏది, ఈశాన్యం ఏది అని పది మందిని అడిగేవారు, నీళ్ళు ఎటు వచ్చి ఎటు పోతాయని పక్క పొలం రైతును ఒక్కరినీ అడగరు. మాగాణిని చదును చేసి వేసిన లేఅవుట్లలో నేను పునాది తీస్తుంటే గుంటలో పీతలు కనబడ్డ రోజులున్నాయి. అలాంటి చోట పునాది మట్టం రోడ్డు మధ్య ఎత్తు నుంచి లెక్కవేసి కనీసం మూడడుగులు పైకి తీయండి. రోడ్డు మళ్ళీ వేసినప్పుడల్లా నాలుగైదు అంగుళాలు పెరుగుతుందని మనసులో పెట్టుకోండి.

ఆ మట్టం తీయడానికి మీకు ఆటో లెవెల్ నేర్పిస్తున్నారు, మంచిది. మా చేతిలో ఇప్పటికీ ఉండేది నీళ్ళ ట్యూబు. ఎంత దూరమైనా, మధ్యలో గోడ ఉన్నా, రెండు కొసల్లోనూ నీరు ఒకే మట్టానికి వచ్చి నిలుస్తుంది. దానికి శత్రువు ఒక్క గాలి బుడగ. మా పెదనాయన నాతో మొదటిసారి ట్యూబు పట్టించినప్పుడు నేను గుర్తు పెట్టిన చోట నాలుగు మూలలకూ ముప్పావు అంగుళం తేడా వచ్చింది. ఆయన ట్యూబును ఎండకు ఎత్తి పట్టి, మధ్యలో పెసరగింజంత బుడగను వేలితో తడుతూ తడుతూ కొస దాకా తోలి బయటికి పంపాడు. మళ్ళీ గుర్తు పెట్టమన్నాడు. గోడ మీద మొదటి గీత ఎక్కడ ఉన్నదో నేను చెరపకుండా వదిలేశాను. ఆ ఇంటి పూత వేసేదాకా అది అక్కడే ఉంది.

చివరగా మనుషులు తాగే నీళ్ళు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టంలో 32వ సెక్షన్ దీని గురించే ఉండేది. పని జరిగే చోట తాగునీరు అందుబాటులో ఉంచాలి, అది తాగే నీరని కార్మికులకు తెలిసే భాషలో రాసి పెట్టాలి, కడుగుడు చోటుకూ మరుగుదొడ్డికీ ఆరు మీటర్ల లోపు ఉండకూడదు అని అందులో ఉండేది. 2025లో ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. నేను పనిచేసిన చాలా చోట్ల నీళ్ళు పట్టే డ్రమ్ములోనే చెంబు ముంచుకుని తాగేవాళ్ళు. ఆ డ్రమ్ములోనే తాపీలు కడిగేవాళ్ళు. ఎండకు కళ్ళు తిరిగి మూడో అంతస్తు సారువ మీద కూర్చుండిపోయిన ఒక కుర్రవాణ్ణి నేనే భుజం మీద వేసుకుని దించాను. పొద్దుటి నుంచి ఎందుకు తాగలేదని అడిగితే, నీళ్ళు కింద ఉన్నాయి, దిగి ఎక్కితే పని ఆగిందని మేస్త్రీ అరుస్తాడని చెప్పాడు. ఆ మేస్త్రీని నేనే. ఇప్పుడు ప్రతి అంతస్తులోనూ మూతపెట్టిన కుండ ఒకటి ఉంటుంది. గంటకొకసారి ఒక మనిషి చెంబు పట్టుకుని తిరుగుతాడు. కాంక్రీటుకు కొలిచి పోసేవాడు వేరు, మనుషులకు కొలవకుండా పోసేవాడు వేరు.

బోరు నీళ్ళు కాంక్రీటుకు పనికివస్తాయా అని మీలో ఒకరు చీటీ పంపారు. తాగడానికి పనికివచ్చే నీరైతే సాధారణంగా పనికివస్తుంది. ఉప్పగా ఉంటే మాత్రం ఒక సీసాలో పట్టి ల్యాబ్‌కు పంపించండి. పి.హెచ్. 6 కన్నా తగ్గకూడదు, కమ్మీ ఉన్న కాంక్రీటుకు క్లోరైడులు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. కమ్మీ లేని కాంక్రీటుకైతే 2000 దాకా ఒప్పుకుంటారు. నోటితో రుచి చూసి చెప్పే మేస్త్రీలు ఉన్నారు, నేనూ చెప్పేవాణ్ణి, ఒకసారి ల్యాబ్ కాగితం వచ్చాక మానేశాను.

గడియారంలో పన్నెండున్నర కావస్తున్నది. సీసాలు కదలలేదు, ముందు వరుసవాళ్ళకు కృతజ్ఞతలు. ఇసుక పైన సన్నటి మట్టి పొర తేరుకుని కనబడుతున్నది. నది ఇసుక ఎత్తును వందగా తీసుకుంటే ఆ పొర 8 దాటకూడదు. దాటితే కడగాలి, లేదంటే తిప్పి పంపాలి. కొలబద్ద ఉన్నవాళ్ళు ఇద్దరిద్దరుగా రండి. సీసాను చేత్తో ఎత్తవద్దు, మీరే వంగి చూడండి. ఎడమ చేతి వైపుది నిన్న మా పనికి వచ్చిన టిప్పర్‌లోది. దాన్ని దించుకోవాలా వద్దా అన్నది ఇంకా తేల్చలేదు, డ్రైవరు బయట కాచుకుని ఉన్నాడు.